మిషన్ లెగిసి ఎన్నాళ్ళయింది

ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, సర్వర్ లేచి ఎన్నాళ్ళయిందో అదే చెప్పేస్తుంది. ఆ ఆఫీసులో ఇంతకంటే సులువైన పని ఇంకోటి లేదు. లారీ తూకం చీటీ చింపి ఇవ్వడానికైనా కాస్త చేతిబలం కావాలి, దీనికి అదీ అక్కర్లేదు. అప్‌టైమ్. ఆరే ఆరు ఇంగ్లీషు అక్షరాలు. రమాకుమారి వేళ్ళు ఆ ఆరింటినీ నిద్రలో కూడా తడుముకోకుండా పట్టుకుంటాయి. ఇవాళ మాత్రం మీటల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంది గానీ కొట్టడం లేదు. పదకొండింటికి విచారణ వాళ్ళొస్తారు. ఇప్పుడు పది. బయట వాన మొదలైంది, మళ్ళీ అదే వాన, నెల కిందట తమ్ముణ్ణి మింగిన వాన, సిగ్గూ ఎగ్గూ లేకుండా అదే రేకుల మీద అదే చప్పుడు చేస్తోంది. గదిలో చిన్న కిటికీ ఒకటి, దానవతల పక్క గోడౌను గోడ. ఏసీ చలి, ఇనప బీరువాలాంటి స్టాండులో సర్వర్, దాని హోరు. ఆరేళ్ళుగా ఆ హోరు చెవిలో పడీ పడీ ఇంటికెళ్ళినా వినిపించేది ఆమెకి. ఈ నెల రోజులూ ఇంట్లో కూర్చుని వినలేదు. పొద్దున్న తలుపు తీయగానే మళ్ళీ ఒంటి మీద పడింది. నువ్వింకా బతికే ఉన్నావే, అనుకుంది. దానితోనే అంది.

తమ్ముడు ధనుంజయ్ కూడా ఈ కంపెనీలోనే పని చేశాడు. అంటే కంపెనీలో కాదు, కాంట్రాక్టరు కింద. ఖిదిర్‌పూర్ ఓడల డాక్ నుంచి మెటియాబ్రుజ్ వైపు వెళ్ళే రోడ్డు మీద కంటైనర్ లారీలు తూచే యార్డు ఇది, లారీ మొత్తం ఎక్కి నిలబడే పెద్ద కాటా, కాటా కింద గొయ్యి, గొయ్యిలో తీగలు. వానొచ్చినప్పుడల్లా గొయ్యిలో నీళ్ళు. నీళ్ళొచ్చినప్పుడల్లా ధనుంజయ్, మామూలుగా పైనుంచే పంపు పెట్టి తోడేసేవాడు, తీగ చెడితేనే లోపలికి దిగడం. ఆ రోజు రమాకుమారికి సెలవు, అమ్మని కంటి డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్ళింది, తిరిగి బస్సు దిగేసరికి క్వార్టర్ల ముందు జనం ఉన్నారు. అంతే. దాని తర్వాత ఆమెకి వరసగా ఏదీ గుర్తులేదు, అమ్మ కళ్ళకి మందు వేసినందుకు కనుపాపలు పెద్దవై, వెలుతురు భరించలేక చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏటే, ఎవుడికేటయింది, నాకు కనపడ్డంలేదే, సెప్పవే" అని జనాన్ని తోసుకుంటూ తడుముకోవడం ఒక్కటి గుర్తుంది.

కంపెనీ కాగితం రాసింది. కార్మికుడు మెయిన్ స్విచ్ దించకుండా, కరెంటు పారుతుండగానే గొయ్యిలో దిగి తీగ ముట్టుకున్నాడు, వెదురుబొంగుతో లాగి తీశాం, ఆ రోజు మొదటి నుంచి చివరి దాకా మెయిన్ ఎవరూ ముట్టుకోలేదు, ఆఫీసులో కరెంటు ఒక్క నిమిషం పోలేదు, తప్పు పూర్తిగా అతనిదే. కింద నాలుగు సంతకాలు. మేనేజరు సేన్‌బాబు, గుమస్తాలిద్దరు, గేటు గార్డు. నలుగురూ రోజూ ధనుంజయ్ తెచ్చిన టీ తాగినవాళ్ళే. నలుగురూ కరెంటు పోలేదనే రాశారు. రాసినవాడి చెయ్యి వణికిందో లేదో కాగితంలో కనపడదు, కాగితాల గొప్పతనమే అది.

మరి గామ్చా, వాడి భుజం మీది తువ్వాలు, ఏదీ? క్వార్టర్లలో అందరూ అడిగేది అదే. రమాకుమారి నాన్న గవరయ్య డాకులో కరెంటు ఖలాసీగా పాతికేళ్ళు చేశాడు, శ్రీకాకుళం నుంచి ఒక్క పంచెతో వచ్చినవాడు, స్విచ్చుల మీద రాసిన ఇంగ్లీషూ రాదు, బెంగాలీ రాదు. డాకులో సగం మందికి చదువు రాదు కాబట్టి ఎర్ర బోర్డులు, హెచ్చరిక పలకలు ఎవరికీ ఎక్కేవి కావు. అందుకని వాళ్ళకి ఒక పద్ధతుండేది. మెయిన్ దించేవాడు తన భుజం మీది గామ్చా తీసి ఆ హ్యాండిలుకి ముడేసి, మూడుసార్లు "బంద్!" అని అరిచి, మెయిన్ దించి, అప్పుడు పనిలో చెయ్యి పెడతాడు. పని అయ్యాక తన గామ్చా తనే విప్పుకుంటాడు. ఇంకొకడి గామ్చా విప్పకూడదు, మేస్త్రీ అయినా విప్పకూడదు, ఓడ ఆగిపోయినా విప్పకూడదు. గామ్చా కట్టి ఉందంటే దాని అవతల మనిషి ఉన్నాడని. పిల్లలప్పుడు రమాకుమారీ ధనుంజయ్ అదే ఆట ఆడేవారు, తలుపు గొళ్ళానికి అమ్మ కొంగు ముడేసి బంద్ బంద్ అని అరిచేవారు, అమ్మ అన్నం గిన్నెతో ఒంటికాలి మీద నిలబడి "నన్నొదలండ్రా దొంగపీనుగల్లారా" అని తిట్టేది. అలాంటి గవరయ్య కొడుకు మెయిన్ దించకుండా నీళ్ళలో దిగుతాడా? దిగడు. దిగడంతే. కానీ గామ్చా దొరకలేదు. ఒంటి మీద లేదు, హ్యాండిలుకి లేదు. శవంతో పాటు మూటకట్టి ఇచ్చిన వాటిలో చెప్పులున్నాయి, టెస్టరుంది, సగం కాలిన బీడీ కట్టుంది. గామ్చా లేదు. తల్లి అమ్మన్నమ్మ ఆ మూటని ఇప్పటికి ఎన్నిసార్లు విప్పిందో. "ఎర్ర గళ్ళదే. మొన్ననే ఉతికినాను. ఎక్కడ పెట్టినారు?" అని వచ్చినవాళ్ళందర్నీ అడుగుతుంది, వాళ్ళేదో దాచినట్టు.

అప్పుడు చెప్పింది రమాకుమారి. పెద్దకర్మ నాడు, గురువులు మావయ్య ముందు, క్వార్టర్ల జనం ముందు. గురువులు యూనియన్ మనిషి, గొంతు పోయేదాకా అరిచి అరిచి ఇప్పుడు గుసగుసగానే మాట్లాడతాడు. "సాచ్చికం లేదే అమ్మా," అన్నాడు, "నలుగురు ఒకమాట మీదున్నారు, మనకాడ ఒక్కడూ లేడు." ఉంది, అంది రమాకుమారి. నా మిషనుంది. సర్వర్ ఆ మెయిన్ మీదే ఉంది. దాని బ్యాటరీ చచ్చి ఏడాది దాటింది, కొనమని రాసి రాసి వేళ్ళరిగాయి, భవానీపూర్ హెడ్డాఫీసు వాళ్ళు కొనలేదు. అంటే మెయిన్ దిగితే మిషన్ ఆగిపోతుంది, మెయిన్ ఎక్కితే తనంతట తనే లేస్తుంది, లేచిన క్షణం నుంచి కొత్తగా లెక్క మొదలెడుతుంది. ఆఖరుసారి లేచింది కాలబైశాఖి గాలివాన నాడు, డాక్ లైను మొత్తం పోయినప్పుడు. అది వేసవి. ఆ తర్వాత నేను చూసినంతవరకూ ఆగలేదు. కాబట్టి మావయ్యా, నేను వెళ్ళి అడుగుతాను. మూడంకెల రోజులు చెప్పిందంటే వేసవి నుంచీ ఆగలేదని. రెండంకెలు చెప్పిందంటే ఆ రోజు ఆగి లేచిందని. తమ్ముడు మెయిన్ దించాడని, వాడు గొయ్యిలో ఉండగా ఎవడో ఎత్తాడని, నలుగురూ దొంగ సంతకాలు పెట్టారని. రెండంకెలు చాలు నాకు. మనుషులు అబద్ధమాడతారు, మిషన్ ఆడదు. అలా అంది. అందరి ముందూ అంది. ఆ రాత్రి, కొడుకు పోయాక మొదటిసారి అమ్మ రెండు ముద్దలు తింది, ఆ మాటతో నంజుకుని.

ఇప్పుడు అమ్మ గేటుకి ఎదురుగా ఉన్న టీ బడ్డీ కింద పాలిథిన్ పట్టా పట్టుకుని గురువులు పక్కన నిలబడి ఉంది. రెండంకెల కోసం.

కొట్టవే, అనుకుంది. కొట్టలేదు. తమ్ముడి వేలు గుర్తొచ్చింది. వాడికి ఈ మాట నేర్పింది ఆమే. తిండి దగ్గర రోజూ ఒకటే ప్రశ్న వాడిది. "ఏటప్పా, నీ మిషన్ లెగిసి ఎన్నాళ్ళయింది?" అక్కని అప్పా అనేవాడు, మిషన్ గురించి మనుషుల గురించి అడిగినట్టు అడిగేవాడు. నిద్రపోదా అది, పాపం ఒక్క కునుకైనా తియ్యదా, దానికి ఆదివారం లేదా, యూనియన్ పెట్టించమంటావేటి మీ మిషన్ చేత? అమ్మ చేపల పులుసు వడ్డిస్తూ, "మిషన్‌కి పెళ్ళి సంబంధాలు సూడండి, ఈడికి సూడకండి" అనేది. ఒకనాడు మధ్యాహ్నం గదిలోకి వచ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, నాకూ నేర్పప్పా, నువ్వు లేనప్పుడు నానే సూసుకుంటాను అన్నాడు. ఒక్కో అక్షరాన్నీ మేకు కొట్టినట్టు చూపుడువేలితో పొడిచాడు. గీత వచ్చింది, అంకెలొచ్చాయి. "ఓలమ్మా! మాటాడతంది!" వాడి నవ్వు. ఒక్కటేనా దారి అన్నాడు. ఒకటేంటిరా, చాలా ఉన్నాయి. ఒక్క డబ్ల్యూ అక్షరం కొట్టినా పై వరసలో అదే చెబుతుంది, లోపలెవరున్నారో కింద చెబుతుంది. హూ అని కొట్టి, చిన్న గీత పెట్టి, బీ కొడితే ఎన్నాళ్ళన్నది కాకుండా ఏ తేదీన ఏ గంటకి లేచిందో చెబుతుంది. లాస్ట్ రీబూట్ అని కొడితే ఇంతవరకు ఎన్నిసార్లు పడి లేచిందో జాబితా ఇస్తుంది, మన అప్పాయమ్మత్త కాన్పులు చెప్పినట్టు, మొదటిది ఎప్పుడు, రెండోది ఎప్పుడు. భవానీపూర్ ఆఫీసులో కిటికీల కంప్యూటర్లున్నాయి, విండోస్‌వి, వాటికైతే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ అన్న చోట నొక్కితే కింద కనపడుతుంది, కొట్టడం కూడా అక్కర్లేదు. అన్నీ విని వాడు తల గోక్కున్నాడు. "ఇన్ని దారులెందుకప్పా? ఒక్కటి సాలు నాకు." ఆ ఒక్కటే గుర్తుపెట్టుకున్నాడు. ఆమెకి సెలవైనప్పుడల్లా సాయంత్రం ఫోను, "మీ వోడు బాగున్నాడు, లెగిసే ఉన్నాడు." టీ బడ్డీ దగ్గర బెంగాలీ కుర్రాళ్ళతో గొప్పలు, ఆమార్ దిదిర్ మెషిన్, మా అక్క మిషన్, ఎప్పుడూ ఆగదు. వాడికి ఈ ఊళ్ళో గొప్ప చెప్పుకోవడానికి ఇంకేం ఉంది? బొగ్గు రంగు చొక్కాలు రెండు, కాంట్రాక్టరు ఎప్పుడైనా లాక్కోగలిగిన గుర్తింపు కార్డు, గామ్చా. అక్క మిషన్.

లారీ హారన్ కొట్టింది బయట. ఇంకోటి. కాటా మీదికెక్కడానికి తొందర. ఆ రోజు కూడా ఇలాగే కొట్టి ఉంటారు, వానలో వరసకట్టిన లారీలు, కాటా పని చెయ్యక చీట్లు తెగక, సేన్‌బాబు గొడుగు లేకుండా గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతూ, ఎంతసేపురా, ఎంతసేపు. ఎవడి చెయ్యో హ్యాండిలు మీద పడి ఉంటుంది. పడిందా? రెండంకెలయితే పడింది. ఇంక చాలు, నువ్వు పిరికిదానివి కావు, ఎనిమిదో క్లాసులో నిన్ను మద్రాసీ అని ఏడిపించిన పిల్లని కాలవలోకి తోసినదానివి. ఎడమ అరచెయ్యి స్క్రీన్ మీద అడ్డం పెట్టింది. కుడిచేత్తో, వాడిలాగే, ఒక్క వేలితో, మేకు కొట్టినట్టు ఆరు అక్షరాలూ పొడిచింది. ఎంటర్. చెయ్యి కింద జవాబు వచ్చేసింది, ఆమె ఇంకా చూడలేదు. అరచేతికి వేడి తెలుస్తోందని అనిపించింది, తెరకి అంత వేడి ఉండదు. చిటికెన వేలు మొదట తీసింది. తర్వాత ఉంగరపు వేలు. ఒక అంకె. ఇంకో అంకె. ఆగితే బాగుండును, ఇక్కడితో ఆగితే.

మూడో అంకె ఉంది.

కాదు. డబ్ల్యూ కొట్టింది. పై వరసలో అవే మూడంకెలు. హూ, గీత, బీ. గాలివాన మర్నాటి తేదీ. లాస్ట్ రీబూట్. పడి లేచిన జాబితా వచ్చింది, అన్నిటికంటే పైన వేసవి, కింద పోయినేడు, ఆ కింద ఎప్పటివో. తమ్ముడు పోయిన రోజు అందులో లేనే లేదు. ఆ రోజు ఈ మిషన్‌కి అసలు జరగనే లేదు. అన్ని దారులూ ఒక్కచోటికే పోయాయి, ఇన్ని దారులెందుకప్పా అన్నాడు కదా వాడు. ఆగలేదు. మెయిన్ దిగలేదు. సేన్‌బాబు నిజం రాశాడు. నలుగురూ నిజమే రాశారు. దొంగలనుకున్నవాళ్ళు నిజం రాశారు, మరి నువ్వు, నువ్వేం చేశావురా, గవరయ్య కొడుకువి, మోకాలి లోతు నీళ్ళలోకి కరెంటు పారుతుండగా దిగావా, ఏం తొందరొచ్చిందిరా నీకు, లారీవాడి హారనుకి దడిచావా, నాన్న నీకు నేర్పిందేంటి, బంద్ అని అరవడానికి నోరు రాలేదా? తిట్టింది. చచ్చిన తర్వాత మొదటిసారి తమ్ముణ్ణి తిట్టింది, లోపల్లోపలే, నోటికొచ్చిన ప్రతి మాటా, క్వార్టర్ల కొళాయి దగ్గర ఆడవాళ్ళు వాడే ప్రతి మాటా. తిడుతూ ఏడ్చింది. ముక్కు కారి పెదవి మీదికి వచ్చింది, తుడుచుకోలేదు. నెల రోజులూ ఏడవలేదు ఇలా, నెల రోజులూ కోపం నిలబెట్టింది, వెన్నులో ఇనప చువ్వలా. ఆ చువ్వ లాగేశారు ఎవరో. ఇప్పుడు పట్టా కింద నిలబడ్డ ముసలిదానికి ఏమని చెప్పను? అమ్మా, వాడే చేసుకున్నాడే అమ్మా. నీ కొడుకు కడగని చేత్తో అన్నం తినేవాడు కాదు గానీ మెయిన్ దించకుండా నీళ్ళలో దిగాడే.

అప్పుడు ఆమె మిషన్ వంక చూసింది. హాయిగా హోరుమంటోంది. ఏ వేసవినాడో లేచి, మధ్యలో ఒక మనిషి తనకి పదడుగుల దూరంలో మాడిపోతే రెప్పవెయ్యకుండా, అంకెలు కలుపుకుంటూ పోతోంది. దీని కోసం నేను రాసిన కాగితాలు, దీని కోసం నేను మానేసిన పండగలు. ఏడాది ఆగకుండా నడిచిందని సేన్‌బాబు పంచిన సందేశ్ డబ్బా, ఆ తీపి ఇంటికి తీసుకెళ్తే వాడు ఒక్కటే తిని, రెండోది మిషన్‌కి పెట్టమన్నాడు. ఎందుకురా నువ్వు నిజం చెప్పేది? నువ్వు నిజం చెప్పి ఎవర్ని బతికిస్తున్నావు? లేచింది. కుర్చీ వెనక్కి పడింది. ఆగిపో. ఆగిపోతే నీ లెక్క సున్నా అవుతుంది, పదకొండింటికి వాళ్ళొచ్చి అడిగితే సున్నా చెబుతావు, ఒకటి చెబుతావు, ఏ సాక్ష్యమూ చెప్పవు. అబద్ధమే, అవును, అబద్ధమే, నలుగురు నిజానికి సంతకం పెట్టగాలేనిది నేనొక్కదాన్ని అబద్ధానికి పెట్టలేనా? స్టాండు వెనక్కి చెయ్యి దూర్చి, బూజు, దుమ్ము, గోడకున్న సాకెట్టు తగిలింది, దాంట్లో లావుపాటి ప్లగ్గు, రెండు చేతులతో పట్టుకుని ఊడబెరికింది.

మిషన్ ఆగలేదు.

ప్లగ్గు ఆమె చేతిలో ఉంది. తీగ వేలాడుతోంది. ముందు పక్క ఒక చిన్న ఎర్రదీపం కొత్తగా వెలిగింది, అంతే. హోరు హోరులాగే ఉంది. భయమేసింది ఆమెకి, నిజంగానే, అన్నం పెట్టడం మానేసినా బతికున్నదాన్ని చూసినట్టు. మోకాళ్ళ మీద కూలబడి ఫోను లైటు వేసి వెనక చూసింది. పెద్ద మిషన్లకి కరెంటు తీసుకునే మూతులు రెండుంటాయి, ఒకదానికి పోతే రెండోదాని మీద బతుకుతాయి. ఆమె మిషన్‌కీ రెండున్నాయి. రెండోది ఎప్పుడూ ఖాళీయే, దానికి వేరే లైను కావాలి, వేరే లైను వెయ్యమంటే భవానీపూర్ వాళ్ళు వెయ్యలేదు. రెండో నోటికి ఎప్పుడూ తిండి లేదురా దీనికి, అని ఎప్పుడో పులుసన్నంలో వేళ్ళు పెట్టుకుని నవ్వుతూ చెప్పింది కూడా. ఇప్పుడా రెండో నోట్లో తీగ ఉంది. పసుపు తీగ. మధ్యలో అతుకు, అతుకు మీద నల్లటేపు, కుడి నుంచి ఎడమకి చుట్టి చివర మడతపెట్టి నొక్కిన నల్లటేపు. వాడు ఎడమచేతివాటం. ఇంట్లో ఫ్యాను తీగకి, అమ్మ రేడియోకి, ఆమె చెప్పు తెగితే దానికి, అన్నిటికీ ఇదే చుట్టు, ఇదే మడత. ఆ మడత మీద వేలు పెట్టింది. పసుపు తీగ గోడ వెంట పాకి, కిటికీ మూల విరిగిన అద్దంలోంచి బయటికి పోయింది.

కిటికీ తెరిచింది. తీగ సందు దాటి పక్క గోడౌను కిటికీలోకి వెళ్ళింది. అక్కడ బెంచీ మీద బైరాగి కూర్చుని ఉన్నాడు, గోడౌను వాచ్‌మన్, టెక్కలి వైపు మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. తీగని చూశాడు, ఆమె మొహం చూశాడు, లేచి నిలబడ్డాడు.

"బాబాయ్," అంది, "ఈ తీగేటి?"

"మీ తమ్ముడిదే అమ్మా."

"ఎప్పుడేసినాడు?"

బైరాగి తలదించుకున్నాడు. "ఆ రోజే. మజ్జానం. ఈ కిటికీ కాడికొచ్చి, బాబాయ్, ఒక్క గంట కరెంటియ్యి, మెయిన్ దించేస్తన్నాను, మా అప్ప సెలవులో ఉంది, ఆవిడొచ్చేసరికి మిషన్ పడిపోయుంటే బెంగెట్టుకుంటాది అన్నాడు. మాది వేరే లైను కదా, క్రేనులది. ఇచ్చినాను. ఆడే తీగేసుకుని, అటెల్లి బంద్ బంద్ అని కేకేసినాడు. మూడు కేకలూ ఇన్నాను. మీ ఆఫీసులో లైట్లారిపోనాయి. ఈ కిటికీలోంచి సూసినాను."

"ఆరిపోయినాయా? నీ కళ్ళతో సూసినావా?"

"సూసినాను. తరవాత కాసేపటికి ఎలిగినాయి. పనైపోయిందనుకున్నాను నాను. అప్పుడే కదా..."

"మరి సెప్పలేదేటి బాబాయ్! నెల్రోజులు!"

"నన్నెవుడూ అడగలేదమ్మా. మీ సేన్‌బాబు మా సేఠ్‌తో మాటాడినాడు, నీకెందుకొచ్చిన గొడవన్నాడు సేఠ్." తీగని చూపించాడు. "ఇది పీకెయ్యమని కూడా అన్నారు. పీకబుద్ది కాలేదు. గంటలో నానే ఒచ్చి తీసుకుంటాను బాబాయ్ అన్నాడు ఆడు. ఆడి తీగ నానెలా తీస్తాను?"

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. వాన మొహం మీద పడుతోంది. దించాడు. తమ్ముడు మెయిన్ దించాడు. దించే ముందు ఆమె మిషన్‌కి రెండో నోట్లో ముద్ద పెట్టి మరీ దించాడు. వాడు ఆ పని చెయ్యకపోయి ఉంటే మిషన్ ఆగిపోయేది, మళ్ళీ లేచేది, ఈ పొద్దున్న రెండంకెలు చెప్పేది, నలుగురి సంతకాలూ చించి పోగులు పెట్టేది. వాడి పేరుని కడిగేసే ఒక్క సాక్ష్యాన్నీ వాడే ఆగకుండా నడిపించాడు, అక్క బెంగెట్టుకుంటుందని. ఒరే పిచ్చోడా. పడనివ్వాల్సింది రా. వందసార్లు పడనివ్వాల్సింది. మిషన్ పడితే నాకేంట్రా బెంగ, సేన్‌బాబు నాలుగు మాటలంటాడు, నేను నాలుగంటాను, సాయంత్రం నీకు చెబుతాను, నువ్వు నవ్వుతావు. ఇప్పుడు ఎవరికి చెప్పను? తిట్టినవన్నీ ఎక్కడికి తీసుకెళ్ళి వెనక్కి తీసుకోను? ఆ మూడంకెలూ వాడు నిలబెట్టినవే. వాడి ప్రేమ పొడుగు ఎంతో అంతా తెర మీద రాసి ఉంది, దాన్ని చూసే వాణ్ణి తిట్టింది.

కళ్ళు తుడుచుకుంది. చున్నీతో కాదు, మోచేత్తో. ఊడబెరికిన ప్లగ్గుని తిరిగి సాకెట్టులో పెట్టింది, ఎర్రదీపం ఆరింది. టేపు మడతనీ, తీగనీ, కిటికీనీ, అన్నిటినీ ఫోనులో ఫోటోలు తీసింది. ఒక నోటికి తిండి ఆగిన సంగతి కూడా మిషన్ లోపలెక్కడో రాసుకుంటుందని ఎవరో అంటే వింది, చూడ్డం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పలేదు. భవానీపూర్ నుంచి ఇంజనీర్ని పిలిపించి మా అందరి ముందూ విప్పించమని అడగాలి. ఒప్పుకోకపోతే గేటు ముందు కూర్చోవాలి. "బాబాయ్, తీగ తియ్యకు. నువ్వు ముందు గేటు కాడికి ఎల్లు. గురువులు మావయ్యకి సెప్పు, అమ్మని తీసుకుని లోపలికి రమ్మను. ఇప్పుడే."

"మా సేఠ్..."

"ఆడు బంద్ అంటే ఇన్నానన్నావు కదా. ఇన్నోడివి నువ్వొక్కడివే."

బైరాగి టోపీ తీసి బెంచీ మీద పెట్టి, గొడుగు లేకుండానే బయటికి నడిచాడు.

పదకొండయింది. విచారణ అధికారి ఫైలు చంకలో పెట్టుకుని హాల్లోకొచ్చాడు, వెనకే సేన్‌బాబు, గుమస్తాలు, గార్డు. ఇంకో గుమ్మంలోంచి గురువులు, బైరాగి, అమ్మన్నమ్మ. ముసలిదాని చీర అంచు నీళ్ళోడుతోంది. అమ్మ అడగలేదు, ఆమె కళ్ళు అడిగాయి, రెండేనా? రమాకుమారి తల అడ్డంగా ఆడించింది. మూడమ్మా. అమ్మ మొహం మాడిపోవడం చూసింది, చూసి కూడా ఆగలేదు, నేరుగా గోడకున్న మెయిన్ దగ్గరికి వెళ్ళింది. మెడలోంచి చున్నీ తీసింది. హ్యాండిలుకి నాన్న నేర్పిన ముడి, రెండు చుట్లు, లోపలికి దోపుడు.

"రొమా!" సేన్‌బాబు గొంతు పైకి లేచింది. "కీ కొర్ఛో?" ఏం చేస్తున్నావంటాడు. లారీలు కాటా మీదున్నాయంటాడు. ఆ రోజు కూడా ఇదే గొంతయి ఉంటుంది.

"మిషన్ని సాక్ష్యం అడిగాను బాబూ," అంది, అధికారి వంక చూస్తూ, అందరికీ వినపడేలా. "మెయిన్ దిగలేదంటోంది. ఇప్పుడు మీ అందరి కళ్ళ ముందూ దించుతాను. అది ఆగుతుందేమో చూడండి. ఆగకపోతే దాని మాటా మీ కాగితమూ ఒక్కటే, రెండూ చెల్లవు. తర్వాత ఈ బాబాయ్ చెప్పేది వినండి. విన్నాక ఒక్కటే చెప్పండి నాకు. మా వాడి గామ్చా విప్పిన చెయ్యి ఎవరిది?"

గుమస్తాల్లో ఒకడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అది గురువులు చూశాడు, అధికారి కూడా చూశాడు.

"బంద్!" అని అరిచింది రమాకుమారి. గొంతు చీలింది. "బంద్!" రెండోదానికి అమ్మ గొంతు కలిసింది, ఎందుకో ఏమిటో తెలియకుండానే, పాతికేళ్ళు మొగుడి నోట విన్న కేక కాబట్టి. "బంద్!" మూడోది ఇద్దరూ కలిసి అరిచారు. హ్యాండిలు కిందికి లాగింది.

లైట్లారాయి. ఫ్యాన్లు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. ఏసీ ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. బల్లల మీద కంప్యూటర్లన్నీ నల్లబడ్డాయి, ఆమె స్క్రీన్ కూడా, మూడంకెలూ చీకట్లోకి పోయాయి. బయట హారన్లు. ఆ మబ్బు చీకట్లో తెరిచిన తలుపు అవతల గదిలో మిషన్ మీద ఆ ఎర్రదీపం మళ్ళీ వెలిగింది, దాని పక్కన పచ్చదీపం ఒకటి వెలుగుతూనే ఉంది, దాని వెనక పసుపు తీగ మీద, నల్లటేపు మడత మీద, హోరు హోరుగా.

అమ్మన్నమ్మ చీకట్లో కూతురి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "ఏటే అది? అన్నీ ఆరిపోనాయి కదా, అదొక్కటీ ఎలా నడస్తంది?"

రమాకుమారి ఆ చేతిని పచ్చదీపం వైపు తిప్పి చూపించింది. ఒక్క గంట అని అడిగాడమ్మా వాడు, ఆ గంట ఇంకా అవలేదు.